రోగ పరీక్షకు నిలిచిన పూల మొక్కలు

మొక్కలకు సోకే వైరస్‌లను చూడగల సూక్ష్మదర్శినులు లేని కాలంలో, వాటి ఉనికిని రూఢి చేసుకోవడానికి శాస్త్రజ్ఞులకు మరొక మొక్కే ఆధారమైంది. రోగగ్రస్తమని అనుమానించిన మొక్క రసాన్ని ఆరోగ్యవంతమైన మరో జాతి మొక్క ఆకుపై రుద్ది, అక్కడ ఏర్పడే లక్షణాలను బట్టి రోగకారకాన్ని నిర్ణయించేవారు. ఇలా పరీక్షకు నిలిచే మొక్కను సూచిక మొక్క అంటారు.

ఈ పద్ధతికి గట్టి పునాది 1929లో, న్యూయార్క్ రాష్ట్రంలోని యాంకర్స్ పట్టణంలో ఉన్న బాయ్స్ థాంప్సన్ సంస్థలో పడింది. పొగాకు మొజాయిక్ వైరస్ సాగు పొగాకులో మొక్కంతటా వ్యాపిస్తుంది; దాని దాయాది అయిన నికోటియానా గ్లూటినోసాలో మాత్రం వైరస్ ప్రవేశించిన చోటనే కణాలు చచ్చి, చిన్న గోధుమరంగు మచ్చలు ఏర్పడి, వైరస్ అక్కడే నిలిచిపోతుంది. ఫ్రాన్సిస్ హోమ్స్ ఈ మచ్చలను లెక్కించి రసంలోని వైరస్ గాఢతను పోల్చవచ్చని చూపాడు. ఒకే ప్రజాతికి చెందిన రెండు జాతులు ఒకే వైరస్‌కు ఇంత భిన్నంగా స్పందిస్తాయి కనుక, పరీక్షకు వాడిన మొక్క ఏ జాతిదో కచ్చితంగా తేల్చకుండా ఫలితాన్ని నమ్మడానికి వీలులేదు. ఈ విద్యలో ఇంతకంటె ముఖ్యమైన నియమం లేదు.

అలంకరణ మొక్కలు ఈ పనికి రావడం యాదృచ్ఛికం కాదు. అవి విత్తనం నుంచి త్వరగా ఎదుగుతాయి, కుండీలో ఒదుగుతాయి. ఎండినా రంగు వాడని గుండ్రని పూలు పూసే గాంఫ్రీనా గ్లోబోసా, బంగాళాదుంప ఎక్స్ వైరస్‌ను గుర్తించడానికీ కొలవడానికీ పనికివస్తుందని 1948లో వెల్లడైంది.

వీటన్నిటిలో బిళ్ళగన్నేరు చరిత్ర ప్రత్యేకమైనది. మడగాస్కర్‌లో పుట్టి ఉష్ణదేశాల పెరళ్ళన్నిటా పాకిన ఈ మొక్కకు లిన్నేయస్ 1759లో వింకా రోసియా అని పేరు పెట్టగా, జార్జ్ డాన్ 1837లో దానిని కాథరాంథస్ ప్రజాతికి మార్చాడు. పాత పరిశోధనా పత్రాల్లో వింకా అన్న పేరే కనిపిస్తుంది కనుక, నేటికీ వింకాగానే మిగిలిన యూరప్ మొక్కలతో దీనిని కలిపివేయకుండా చదవవలసి ఉంటుంది.

యాంకర్స్ సంస్థలోనే లూయిస్ కుంకెల్, ఆస్టర్ పూలతోటలను పాడుచేసే పసుపు తెగులును దీపపు పురుగులు మోసుకువస్తాయని 1926లో నిరూపించాడు. ఆ తెగులు సోకిన బిళ్ళగన్నేరు మొక్కలను 40 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల వేడిలో సుమారు రెండు వారాలు ఉంచితే అవి కోలుకుంటాయని 1941లో ఆయనే ప్రకటించాడు. అదే దశకంలో, మినుము చేలలో రైతుకు శత్రువైన బంగారుతీగ పరిశోధకులకు సాధనమైంది. రోగి మొక్కనూ బిళ్ళగన్నేరునూ ఒకేసారి పెనవేసుకుని రెండింటి రసమూ పీల్చే ఈ పరాన్నజీవి గుండా, అంటుకట్టడానికి వీలుకాని దూరపు జాతుల రోగాలు కూడా బిళ్ళగన్నేరుకు చేరాయి. చేరిన తరువాత దాచడానికి వీలులేని గుర్తులు బయటపడేవి: ఆకులు చిన్నవై పాలిపోవడం, కొమ్మలు గుబురుగా రావడం, పూరేకులు ఆకుపచ్చగా మారడం.

ఇవన్నీ వైరస్‌ల పనేనని అందరూ అనుకుంటుండగా, 1967లో జపాన్‌లో దోయ్ బృందం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించి, రోగగ్రస్తమైన మొక్కల పోషక కణజాలంలో, అంటే ఆకులు తయారుచేసిన ఆహారాన్ని మొక్కంతటికీ చేరవేసే నాళాల్లో, కణకవచం లేని సూక్ష్మజీవులను కనుగొన్నది. నేడు వాటిని ఫైటోప్లాస్మాలంటున్నారు. తెలుగు రైతులు వెర్రి తెగులని పిలిచే నువ్వుల జబ్బుకూ, వంగలో ఆకులు చిన్నవై మొక్క గొడ్డుపోయే జబ్బుకూ ఇవే కారణం.

సూచిక మొక్క ప్రయోగశాల దాటి సాగుదారు చేతికీ వచ్చింది. టమాటా మచ్చల ఎండు వైరస్‌ను మోసే తామర పురుగులను పసిగట్టడానికి హరితగృహాల్లో పెటూనియా కుండీలను ఉంచవచ్చని 1991లో ప్రతిపాదించారు. పురుగు గీకిన చోట కొద్ది రోజుల్లోనే నల్లని మచ్చ తేలుతుంది. వైరస్ ఆ ఆకులకే పరిమితం కావడం వల్ల పెటూనియా తానే రోగానికి నిలయం కాదు.

జన్యుపదార్థాన్ని పెంచి చూసే పీసీఆర్ పరీక్ష వచ్చాక రోగ నిర్ధారణ గంటల్లో ముగుస్తున్నది. అయినా ఆ పరీక్ష సరిగా పనిచేస్తున్నదో లేదో చూడడానికి, ఏ రకమో ముందే తెలిసిన ఫైటోప్లాస్మా నమూనా కావాలి. ఈ జీవులు కృత్రిమ మాధ్యమంలో సులువుగా పెరగవు. అందుకే ఇటలీలోని బొలోనా విశ్వవిద్యాలయం వంటి చోట్ల, వివిధ దేశాల ఫైటోప్లాస్మాలను కణజాల వర్ధనంలో పెంచిన బిళ్ళగన్నేరు మొక్కల్లోనే సజీవంగా కాపాడుతూ వచ్చారు.