అట్ట చందమామ కింద నలభై రెండేళ్లు

న్యూయార్క్‌లోని గ్రెనిచ్ విలేజ్‌లో సలివన్ స్ట్రీట్ ప్లేహౌస్ అని ఒక చిన్న థియేటర్ ఉండేది. మొత్తం 153 కుర్చీలు. 1960 మే 3న అక్కడ ‘ది ఫాంటాస్టిక్స్’ అనే ప్రేమకథా సంగీత నాటకం మొదలైంది. మొదటి రాత్రి సమీక్షలు చూసి, ఇక దీన్ని ఆపెయ్యమని నిర్మాత లోర్ నోటోకు దగ్గరివాళ్లు సలహా ఇచ్చారు. ఆయన వినలేదు. ఆ నాటకం 2002 జనవరి 13 దాకా అదే వేదిక మీద ఆడింది. ప్రదర్శనల లెక్క 17,162.

కథకు మూలం పారిస్‌లో ఉంది. ‘సిరానో ద బెర్జరాక్’తో తర్వాత లోకప్రసిద్ధుడైన ఎడ్మాన్ రొస్తాన్ అంతకు మూడేళ్ల ముందే, 1894లో, ‘లే రొమనెస్క్’ అనే హాస్య నాటకం రాశాడు. పక్కపక్క ఇళ్లలో ఇద్దరు తండ్రులు. ఒకరికి కొడుకు, ఇంకొకరికి కూతురు. ఇద్దరికీ పెళ్లి చెయ్యాలని పెద్దల కోరిక. కానీ చేసుకోమంటే పిల్లలు చేసుకోరు, వద్దంటే తప్పకుండా చేసుకుంటారు! అందుకని తండ్రులిద్దరూ మధ్యలోని గోడకు అటూ ఇటూ లేని పగ నటించారు. అనుకున్నట్టే పిల్లలు ఆ గోడ మీదుగా ప్రేమలో పడ్డారు. ఇప్పుడు ఆ పగ ఎలా చల్లార్చాలి? డబ్బులిచ్చి ఒక మనిషిని పిలిపించి, అమ్మాయిని ఎత్తుకుపోతున్నట్టు నాటకమాడించి, అబ్బాయి ఆమెను కాపాడినట్టు చేశారు. రోమియో జూలియెట్ల కథను ఇంత సరదాగా తిరగేసినవాళ్లు అరుదు.

రొస్తాన్ కథను అమెరికాకు తెచ్చినవాళ్లు టెక్సస్ విశ్వవిద్యాలయంలో కలిసి చదువుకున్న ఇద్దరు మిత్రులు. మాటలూ పాటలూ టామ్ జోన్స్‌వి, సంగీతం హార్వీ ష్మిట్‌ది. ష్మిట్ వృత్తికి పత్రికల చిత్రకారుడు. స్వరలిపి చదవడం రాదు, పియానో చెవితోనే నేర్చుకున్నాడు. జోన్స్ మొదట్లో ఈ కథను అమెరికా నైరుతి ప్రాంతపు పశుక్షేత్రాల్లో, పెద్ద హంగులతో ఊహించాడు. ఆ రూపం ఏళ్ల తరబడి సాగదీసినా కుదురుకోలేదు. 1959లో వాళ్ల పాత సహాధ్యాయి, దర్శకుడు వర్డ్ బేకర్, బర్నార్డ్ కాలేజీ వేసవి ప్రదర్శనల కోసం ఒక ఏకాంకిక అడిగాడు. గడువు చాలా తక్కువ. దాంతో భారమైనదంతా పక్కన పెట్టేసి, కథకు ఏది లేకపోతే గడవదో అంతవరకే ఉంచుకున్నారు. ఆ ఏకాంకికను చూసిన నోటో, పూర్తి నాటకంగా పెంచండి, నేను వేయిస్తానన్నాడు.

పెట్టుబడి మొత్తం 16,500 డాలర్లు. అందులో రంగాలంకరణకు 900, దుస్తులకు 541 అయ్యాయి. పెద్ద థియేటర్లుండే బ్రాడ్‌వేలో ఒక మ్యూజికల్‌కు లక్షల డాలర్లు పోసే రోజులవి. ఇక్కడ ఒక చెక్క వేదిక, పాత పెట్టె ఒకటి, వేలాడే అట్ట బిళ్ల మాత్రం ఉన్నాయి. ఆ బిళ్ల ఒక వైపు చంద్రుడు, తిప్పితే సూర్యుడు. మాట్లాడని పాత్ర ఒకటి చేతిలో కర్ర అడ్డంగా పట్టుకుని నిలబడితే అదే గోడ. అతనే కాగితం ముక్కలు చల్లితే వాన. పెట్టెలోంచి ముసలి నటుడొకడు లేచి వస్తాడు. ఆ వేషం తొలి రోజుల్లో జోన్సే థామస్ బ్రూస్ అనే మారుపేరుతో వేశాడు. మన పద్యనాటకానికి హార్మోనియం పెట్టె ఎంతో, ఈ నాటకానికి ఒక పియానో, ఒక హార్ప్ అంత. వేరే వాద్యబృందం లేదు.

సమీక్షకులు పూర్తిగా కొట్టిపారెయ్యలేదు. న్యూయార్క్ టైమ్స్‌కు రాసిన బ్రూక్స్ అట్కిన్‌సన్ మొదటి అంకాన్ని మెచ్చుకుని, రెండో అంకంలో ఆ మాయ నిలవలేదన్నాడు. టికెట్లు అమ్మిపెట్టే మెప్పు కాదది. నోటో తన పొదుపు సొమ్ము ఇందులోనే పెట్టి ఉన్నాడు, అయినా ఖాళీ కుర్చీల ముందు ఆడించాడు. హాలు చిన్నది, ఖర్చు చిన్నది కాబట్టే ఆ పట్టుదలకు అర్థం ఉంది. పెద్ద థియేటర్‌లో అయితే ఆ నష్టాన్ని వారం మొయ్యడం కూడా కష్టం. చూసినవాళ్లు ఇంకొకరికి చెప్పడంతో జనం మెల్లగా పెరిగారు. పాటలు కూడా గడప దాటాయి. డబ్బు తీసుకుని అమ్మాయిని ఎత్తుకుపోతున్నట్టు నటించే ఎల్ గాయో పాత్రలో నటుడు జెర్రీ ఆర్బాక్ తొలిసారి పాడిన ‘ట్రై టు రిమెంబర్’ను తర్వాత ఎందరో గాయకులు రికార్డు చేశారు. గాయని బార్బ్రా స్ట్రైసాండ్ 1963లో వచ్చిన తన మొదటి ఆల్బమ్‌లో ఈ నాటకం పాటలు రెండు పాడింది.

అట్కిన్‌సన్‌కు నచ్చని రెండో అంకమే ఈ నాటకానికి ప్రాణం. మొదటి అంకం వెన్నెల్లో, అందరూ కలిసిపోవడంతో ముగుస్తుంది. రెండోది మిట్టమధ్యాహ్నపు ఎండ. గోడా, పగా, కిడ్నాపూ అన్నీ తండ్రుల పన్నాగమని బయటపడుతుంది. తగవు మొదలవుతుంది. అబ్బాయి మాట్ లోకం చూస్తానని వెళ్లి దెబ్బలు తిని తిరిగొస్తాడు. అమ్మాయి లూయిసాను ఎల్ గాయో ఆశపెట్టి, ఆమె మెడలో హారం తీసుకుని వెళ్లిపోతాడు. అలిసిపోయిన ఆ ఇద్దరూ అప్పుడు ఒకరినొకరు నిజంగా చూస్తారు. తండ్రులు గోడ పడగొడదామంటే ఎల్ గాయో వద్దంటాడు. పెళ్లికి ముందు ఒకసారి, పెళ్లయిన ఇరవై ఏళ్లకు ఒకసారి వచ్చి చూసేవాళ్లకు ఈ అంకం రెండు రకాలుగా వినిపిస్తుంది. కేవలం వెన్నెలతో ఆగిపోయి ఉంటే ఇది నాలుగు దశాబ్దాలు నిలిచేది కాదు.

జనం మెచ్చిన నాటకంలోనూ జనమే ఎత్తిచూపిన లోపం ఒకటుంది. ఉత్తుత్తి అపహరణ ఖరీదు గురించి ఎల్ గాయో పాడే హాస్యగీతంలో ‘రేప్’ అన్న మాట పదేపదే వచ్చేది. ఎత్తుకుపోవడం అన్న పాత సాహిత్యార్థంలోనే వాడామని పాటలోనే వివరించినా, కాలం గడిచేకొద్దీ ఆ నవ్వు ప్రేక్షకుల గొంతులో అడ్డుపడింది. రచయితలు మొండికెయ్యలేదు. ఆ చోట వాడుకోవడానికి మరో పాట సమకూర్చారు, మాటలూ మార్చారు. ఇది సరైన పని. నిత్యం ఆడే నాటకానికి ఎదుట కూర్చున్నవాళ్ల ఇబ్బంది పట్టకపోతే ఎలా?

ఆపాలనుకున్నప్పుడల్లా అడ్డుపడింది ప్రేక్షకులే. 1986లో మూసేస్తున్నామని నోటో ప్రకటిస్తే అభిమానులు గోల చేశారు, ఆట కొనసాగింది. నోటో స్వయంగా తండ్రి వేషం కట్టి ఏళ్ల తరబడి నటించాడు. 2002లో ఆట ముగిసిన కొన్ని నెలలకే ఆయన కన్నుమూశాడు. 2006లో నాటకం బ్రాడ్‌వే దారిలోని మరో చిన్న హాల్లో మళ్లీ లేచింది. ఈసారి జోన్సే దర్శకుడు, ముసలి నటుడి వేషంలోకీ తిరిగొచ్చాడు. 2015లో మూతపడబోతుంటే పేరు చెప్పుకోని ఇద్దరు అభిమానులు డబ్బిచ్చి నిలబెట్టారు. 2017 జూన్ 4న ముగిసేనాటికి అక్కడ మరో 4,390 ప్రదర్శనలు జరిగాయి.

జోన్స్ చెయ్యి మాత్రం ఆగలేదు. 2022లో మిషిగన్‌లోని ఫ్లింట్ రెపర్టరీ థియేటర్ కోసం, తొంభై నాలుగేళ్ల వయసులో, లూయిసాను లూయిస్‌గా మార్చి ఇద్దరు అబ్బాయిల ప్రేమకథగా నాటకాన్ని తిరగరాశాడు. మరుసటి ఏడాది ఆగస్టులో ఆయన పోయాడు.