నాళశిల్పుల చరిత్రము: వంశవిద్యయు యోగ్యతాపత్రమును

విశ్వకర్మ సంతతివారమని చెప్పుకొను మనకుఁ బంచశిల్పములు కులధనములు. మను, మయ, త్వష్టృ, శిల్పి, విశ్వజ్ఞులనుండి కమ్మరము, వడ్రంగము, కంచరము, శిల్పము, స్వర్ణకారము వెలసినవని పెద్దలు చెప్పుదురు. ఈ యైదింటి మహిమ యిట్టి సంచికలయందుఁ బలుమాఱు వర్ణింపఁబడినది. లోహమును గరఁగించి, వంచి, అతికి, నేఁటి నగరములను బ్రదికించుచున్న శిల్పము వేఱొకటి గలదు. ఇంటికి నీటిని, పొయ్యికి గ్యాసును దెచ్చునదియు, మురుగును గొనిపోవునదియు నదియే. లోకము దానిని ప్లంబరు పని యనుచున్నది. దాని చరిత్రము మన యువకులకు మేలు చేయఁగలదని తలంచి యీ వ్యాసమును సభ్యులకు సమర్పించుచున్నాము.

ప్లంబరను పేరు లాటిను భాషలో సీసమను నర్థముగల ‘ప్లంబమ్’ అను పదమునుండి పుట్టినది. రోమకులు సీసపు రేకులను జుట్టి గొట్టములు చేసి పురములకు నీరు పాఱించిరి. క్రీస్తుకుఁ బూర్వము మొదటి శతాబ్దమునాఁటి విట్రూవియస్ అను వాస్తువేత్త, సీసపు గొట్టముల నీరు హానికరమనియు మట్టి గొట్టములే మేలనియు వ్రాసి, సీసముతోఁ బనిచేయువారి దేహములు పాలిపోవుటను నిదర్శనముగాఁ జూపెను. ఈ వృత్తిలోని యపాయము మొదట శిల్పి మేనఁ గనఁబడి, పిదప గృహస్థుని యింట బయల్పడు నని యప్పుడే తెలిసినది.

లండను నగరపు సీసకారుల శ్రేణి 1365లో నిబంధనలను, 1611లో మొదటి జేమ్సు రాజునొద్ద నధికారపత్రమును బొందెను. మన ప్రాచీన శ్రేణులవలెనే యదియు శిష్యులను జేర్చుకొని, పని మంచిచెడ్డలను విచారించుచుండెను. గురువునొద్ద నేర్చుటయే నాఁటి యోగ్యత. కాలము మాఱినకొలఁది వృత్తి విస్తరించెను. 1775లో అలెగ్జాండర్ కమింగు మరుగుదొడ్డి గొట్టమునకు వంపు పెట్టి, ఆ వంపులో నిలిచిన నీటిచే దుర్వాయువు నింటిలోనికి రాకుండ నడ్డగించెను. 1792లో విలియం మర్డాకు తన యింట బొగ్గు గ్యాసుతో దీపములు వెలిగించెను. 1812లో లండనులో గ్యాసు కంపెనీకి రాజశాసనము లభించెను. ఇట్లు నీటిగొట్టము, మురుగుగొట్టము, గ్యాసుగొట్టము అను మూఁడును గృహమునఁ బ్రవేశించెను.

వానితోఁ గూడ మృత్యువును బ్రవేశించెను. 1854లో లండను కలరాకుఁ గలుషితజలమే కారణమని వైద్యుఁడు జాన్ స్నో నిరూపించెను. 1858 వేసవిలో థేమ్సు నదీదుర్గంధమునకుఁ దాళలేక పార్లమెంటు కదలి, బాజల్జెట్ నిర్మించిన మహా మురుగుకాలువలకు ద్రవ్యము మంజూరు చేసెను. 1871లో ఆంగ్ల యువరాజు టైఫాయిడు జ్వరమున మరణావస్థకు వచ్చి బ్రదికెను; అతఁడు బసచేసిన మందిరపు మురుగుగొట్టములపై నింద పడెను. గోడలో దాఁగిన యతుకు చెడినచో రాజమందిరము సైతము రక్షణ గాదని ప్రజలకు బోధపడెను. 1878లో ఏర్పడిన సిటీ అండ్ గిల్డ్స్ సంస్థ చేతిపనులకుఁ బరీక్షలు నడిపెను. 1886లో సీసకారుల శ్రేణి స్వచ్ఛంద నమోదు పద్ధతిని బ్రారంభించెను. వంశవిద్య చాలదని మొదట నొప్పుకొన్నది ఆ వంశవిద్యకు నిలయమైన శ్రేణియే యగుట గమనింపఁదగినది.

ఆ భావమును పూర్ణశాసనముగా మార్చిన దేశములలో న్యూజీలాండు ముఖ్యమైనది. అచ్చట 1912లోనే ప్లంబర్ల నమోదు చట్టము వచ్చెను. 1976 నాఁటి చట్టము ప్లంబర్లను, గ్యాసు పనివారిని, మురుగుగొట్టములు పఱచువారిని ఒక్క మండలి క్రిందికిఁ దెచ్చెను. 2006 నాఁటి చట్టము దానిని సంస్కరించెను. శిష్యుఁడు జీతము పొందుచు, అనుభవజ్ఞుని పర్యవేక్షణలోఁ బనిచేయుచు, నాలుగవ స్థాయి ధ్రువపత్రమును సంపాదించి, మండలి పరీక్షలో నుత్తీర్ణుఁడు గావలెను. అటుపిమ్మటఁ గూడ పర్యవేక్షణలోఁ బనిచేయువాఁడొకఁడు, స్వయముగ బాధ్యత వహించి పనిని ధ్రువపఱచువాఁడొకఁడు అని తరగతులు గలవు. లైసెన్సు నేఁటేఁటఁ గ్రొత్తది చేయించుకొనవలెను. ఎవని కుమారుఁడవని యచ్చట నెవరు నడుగరు.

ఈ మూఁడు పనులను ఒక్క త్రాట ముడివైచుటలో నొక న్యాయము గలదు. మురుగుగొట్టపు వాలు తక్కువైనచో మలినము నిలిచిపోవును. గాలిగొట్టము లేనిచో వంపులోని నీరు లాఁగుకొనిపోయి దుర్వాయువు గదిలోఁ జొచ్చును. గ్యాసు పరికరపు పొగ వెడలు మార్గము చెడినచో, రంగును వాసనయు లేని విషవాయువు నిద్రించువారిని నిద్రలోనే హరించును. వీనిలో నీది గొప్ప, యది నీచము అను మాటకుఁ దావు లేదు.

మన దేశమున నీ మాటకే తావు మెండు. నీటి కుళాయి బిగించుట గౌరవమనియు, మురుగు ముట్టుట యితరుల పని యనియు మనలోఁ గొందఱు తలంచుచున్నారు. ఆ ‘యితరులు’ రక్షణ లేక మురుగుకాలువలలో దిగి ప్రాణములు గోల్పోవుచున్నారు. వారిలో నధికులు దళితులు. 2013లో చట్టము దీనిని నిషేధించెను; 2023లో సుప్రీముకోర్టు మృతుని కుటుంబమునకు 30 లక్షల రూపాయలు పరిహారముగ నీయవలెనని తీర్పు చెప్పెను. మురుగుపని శిక్షితమైన, యంత్రసహాయముగల శిల్పము కానంతవఱకు ఈ పాపము తఱుఁగదు. శిల్పులమని గర్వించు మనము దానిని నీచమని త్రోసివేయుట ఆ పాపమునఁ బాలుపంచుకొనుటయే.

1950లో ఆరంభమైన శిక్షణపథకముచే ఐ.టి.ఐ.లలో ఒక సంవత్సరపు ప్లంబరు తరగతి లభించుచున్నది. 1961 నాఁటి అప్రెంటిసుల చట్టముచే కర్మాగారములలో శిష్యరికమునకు దారి గలదు. మన విశ్వకర్మ నామముతోఁ బ్రభుత్వము 2023లో నెలకొల్పిన పథకములోని 18 వృత్తులలో ప్లంబరు పని లేదు. కావున ఈ భారము సంఘముపై నున్నది. దాతలు సత్రములకును గోపురములకును ఇచ్చుచున్న దానిలోఁ గొంత భాగమును మన బాలురకు, బాలికలకు, పనిముట్లకును, ఫీజులకును, పరీక్షలకును వినియోగింపఁ బ్రార్థించుచున్నాము. చేతిలో నేర్పు తాతలు పెట్టిన భిక్ష; యోగ్యతాపత్రము మనము సంపాదింపవలసిన విత్తము. రెండును గలిగిననే గల్ఫు దేశమునందైనను, భాగ్యనగరమునందైనను మన బిడ్డ సహాయకుఁడుగ గాక శిల్పిగ నిలువఁగలఁడు.

శుభం భూయాత్.