ఇంట్లోని పాత జావా, యెజ్డీ బండ్లు: నిర్వహణ, మరమ్మతు, కాగితాలు

మైసూరు, బెంగళూరు, బళ్ళారి, హోసూరు వైపు మన తెలుగు ఇళ్ళలో నాన్నగారి కాలం నాటి జావాగానీ యెజ్డీగానీ గోనెపట్టా కప్పుకొని ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తుంది. పెద్దవాళ్ళకు అమ్మబుద్ధి కాదు. పిల్లలకు నడపడం తెలియదు, తూకానికి వేసేద్దామంటారు. దీని గురించి సంఘానికి వచ్చి అడిగేవారు ఉంటూనే ఉన్నారు గనుక మాకు తెలిసినంతవరకు ఒకచోట రాసి పెడుతున్నాం.

జావా మూలం చెకొస్లొవేకియా. ఫ్రాంటిషెక్ యానెచెక్ 1929లో వాండరర్ అనే జర్మన్ కంపెనీ మోటారుసైకిల్ హక్కులు కొని, రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిపి జావా అన్నారు. మన దేశంలో ఇరానీ కుటుంబం వారి ఐడియల్ జావా సంస్థ 1961 నుంచి మైసూరులో ఈ బండ్లు తయారుచేసింది. తర్వాత 1970లలో యెజ్డీ పేరు వచ్చింది. ఇరాన్‌లోని యజ్ద్ ఊరి మీదుగా పెట్టిన పేరది. రోడ్‌కింగ్ 1978లో వచ్చింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. 2018లో జావా పేరుతో, 2022లో యెజ్డీ పేరుతో మళ్ళీ వచ్చినవి వేరే సంస్థ చేస్తున్న ఫోర్ స్ట్రోక్ బండ్లు. వాటి ఇంజను సామాను పాతవాటికి పనికిరాదు. పేరు ఒకటే కదా అని షోరూముకు వెళ్ళి అడిగితే లాభం లేదు.

పాత 250 సీసీ బండికి సిలిండరు ఒకటే, సైలెన్సర్లు రెండు. టూ స్ట్రోక్ ఇంజను కాబట్టి పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోయాలి. ఈ బండికి ప్రాణం ఇక్కడే ఉంది. పిస్టన్‌కు, క్రాంక్ బేరింగులకు ఆ ఆయిల్ తప్ప వేరే ఆధారం లేదు. లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ వేయాలి, అంటే ఐదు లీటర్లకు 200. రీబోర్ చేయించి కొత్త పిస్టన్ వేసిన కొత్తలో లీటరుకు 50 వేయాలి. ఫోర్ స్ట్రోక్ ఇంజనాయిల్ వేయకూడదు. ఒకప్పుడు బంకుల్లో కలిపి ఇచ్చేవారు, ఇప్పుడు ఆ పంపులు దాదాపు లేవు. కొలత గుర్తులున్న చిన్న సీసా ఒకటి బండిలోనే పెట్టుకోండి. ట్యాంకులో పెట్రోలు నింపాక పైన ఆయిల్ ఒంపి వెళ్ళిపోతే అది అడుగుకు చేరి ముందు ఇంజనులోకి పోతుంది, ప్లగ్ తడిసిపోతుంది. డబ్బాలో కలిపి పోయడం మేలు. ‘ఎందుకైనా మంచిది’ అని రెట్టింపు వేసేవారూ ఉన్నారు. దానివల్ల మసి పెరగడమే తప్ప మంచేమీ లేదు.

ఆయిల్ తక్కువైతే జరిగేది చిన్న విషయం కాదు. పిస్టన్ వేడెక్కి సిలిండరును పట్టేస్తుంది, పరుగులో ఉన్న బండి వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. ఇంజను శబ్దం మారి, లాగడం తగ్గి, బండి బరువెక్కినట్టు అనిపించగానే క్లచ్ పట్టేసి పక్కకు తీయాలి. ఈ ఒక్క మాట నేర్పకుండా పిల్లల చేతికి బండి ఇవ్వకండి. ఘాట్ దిగేటప్పుడు కూడా యాక్సిలేటర్ పూర్తిగా మూసి గేరు మీదే దించితే లోపలికి పెట్రోలు రాదు, దానితోపాటు ఆయిలూ రాదు. మధ్యమధ్య కాస్త తిప్పి వదలాలి.

ఏళ్ళ తరబడి మూలనున్న బండిని తీయగానే కిక్ కొట్టకండి. ప్లగ్ విప్పి ఆ రంధ్రంలో నాలుగు చుక్కల టూటీ ఆయిల్ వేసి, ఒక రాత్రి ఉంచి, నెమ్మదిగా తిప్పి చూడాలి. పాత పెట్రోలు పారబోసి ట్యాంకు లోపల టార్చి వేసి చూడండి. తుప్పు రాలుతుంటే ముందు దాన్ని కడిగించాలి, లేకపోతే కార్బురేటర్ జెట్టు ఎన్నిసార్లు శుభ్రం చేసినా మళ్ళీ మూసుకుంటుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది నీటిని పీలుస్తుంది, పాత రబ్బరును పాడుచేస్తుంది. పెట్రోలు ట్యూబు, కాక్ వాషర్లు కొత్తవి వేయించండి. నెలకు పైగా నడపని పక్షంలో ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేసి ఉంచండి. టైరు చూడడానికి బాగానే ఉన్నా పక్కన అచ్చువేసిన నాలుగంకెలు చదవండి: మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. పదేళ్ళు దాటినది మార్చాల్సిందే.

నిప్పు రాకపోతే ముందు పాయింట్లు చూడాలి. మైనం పట్టినట్టుంటే సన్నని కాగితంతో రుద్ది, 0.4 మి.మీ. ఖాళీ పెట్టాలి. ప్లగ్‌కు 0.6 మి.మీ. చాలు. జావాలో 6 వోల్టుల డైనమో, బ్యాటరీ ఉంటాయి. బ్యాటరీ చచ్చిపోతే నిప్పు కూడా బలహీనపడుతుంది, అందుకే తోస్తేగానీ స్టార్ట్ కాని బండికి కార్బురేటర్ విప్పే ముందు బ్యాటరీ చూడమంటాం. 12 వోల్టులకు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌కు మార్పించుకోవడం ఈమధ్య ఎక్కువైంది. రోజూ నడిపేవారికి సుఖమే. కాకపోతే తీసిన డైనమో, పాయింట్లు, కాయిల్ డబ్బాలో వేసి ఇంట్లోనే ఉంచండి, మెకానిక్కు వదిలేయకండి.

పొగ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కిక్ కొట్టగానే కాస్త పొగ రావడం మామూలే. పది నిమిషాలు నడిచాక కూడా దట్టంగా తెల్లటి పొగ వస్తూ, గేర్‌బాక్స్ ఆయిల్ తగ్గుతూ ఉంటే ఎడమవైపు క్రాంక్ సీల్ పోయిందన్నమాట. క్లచ్ వైపు ఆయిల్‌ను ఇంజను తాగేస్తోంది. కుడివైపు, అంటే డైనమో వైపు సీల్ పోతే పొగ రాదు. లోపలికి గాలి పోయి, నిలబడ్డ బండి దానంతటదే రేజ్ అవుతుంది, త్వరగా వేడెక్కుతుంది. రెండోదే ప్రమాదం, ఎందుకంటే పైకి ఏమీ కనిపించదు. రెండు సీళ్ళ ఖర్చు కొంచెమే. ఇంజను విప్పిన కూలీ ఎక్కువ కాబట్టి ఒకటి పోయినా రెండూ మార్పించాలి.

లాగడం తగ్గి సైలెన్సరు గొంతు మూసుకున్నట్టుంటే మసి తీయించాలి. హెడ్డు, ఎగ్జాస్ట్ దారి, సైలెన్సరు లోపలి గొట్టాలు మూడూ చూడాలి. పిస్టన్‌ను కిందికి దించి చెక్కతోనో వెదురు బద్దతోనో గీకాలి. స్క్రూడ్రైవరు పెడితే అల్యూమినియం మీద గీతలు పడతాయి. వెనక చైను పూర్తిగా మూతలో ఉంటుంది గనుక దుమ్ము పట్టదు, అలాగని దాన్ని మరచిపోకూడదు. ఏడాదికోసారి మూత విప్పి బిగువు చూసి గ్రీజు పెట్టించండి. కిక్ రాడ్డే గేరు రాడ్డు కూడా కాబట్టి దాని స్ప్లైన్లు అరిగితే బండి మొత్తం ఆగిపోతుంది. ఆ బోల్టు వదులు కాకుండా చూసుకోవాలి. రంగు, క్రోమ్ చివరి పనులు. చాలామంది ముందు అవే చేయిస్తారు.

సామాను, అనుభవమున్న మెకానిక్కులు మైసూరు, బెంగళూరుల్లో ఇంకా దొరుకుతారు. ప్రతి జూలై రెండో ఆదివారం జావా, యెజ్డీ యజమానులు కలుసుకుంటారు. ఎవరి చేయి మంచిదో అక్కడ అడిగితే తెలుస్తుంది.

ఇక కాగితాలు. గుమాస్తా బుద్ధి అనుకోండి, మా దృష్టిలో ఇంజనుకంటే ఇదే ముందు. ఆర్‌సీ గడువు పదిహేనేళ్ళు, ఆ తర్వాత ఐదేళ్ళకోసారి ఫారం 25తో పొడిగించుకోవాలి. యజమాని కాలం చేస్తే వారసులు 30 రోజుల్లో ఆర్‌టీఓకు తెలిపి, మూడు నెలల్లో ఫారం 31 ఇచ్చి పేరు మార్పించుకోవాలి. మన ఇళ్ళలో ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. నాన్నగారి పేరు మీదే బండి ఇరవై ఏళ్ళుంటుంది, ఈలోగా అన్నదమ్ములు నాలుగు ఊళ్ళకు చేరతారు. అందరూ ఉన్నప్పుడే సంతకాలు పెట్టించి ఉంచండి. మూడక్షరాల పాత నంబరు బండ్ల వివరాలు చాలాచోట్ల కంప్యూటర్‌లోకి ఎక్కలేదు. అసలు పుస్తకం, ఛాసిస్ నంబరు అచ్చు పట్టుకెళ్ళి ముందు ఆ నమోదు చేయమని అడగాలి. కర్ణాటక బండిని హైదరాబాదులోనో చెన్నైలోనో ఉన్న అబ్బాయి దగ్గర 12 నెలలకు మించి ఉంచదలిస్తే ఫారం 28తో ఎన్‌ఓసీ తీసుకొని అక్కడి నంబరు వేయించుకోవాలి.

యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం మారని బండ్లకు 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. అయితే ఆ బండిని రోజువారీ పనులకు రోడ్డు మీద నడపకూడదు. మామూలు ఆర్‌సీ బతికే ఉండి, ఆదివారం బజారుకు వెళ్ళి రావాలనుకునే వారు దాని జోలికి పోనక్కర్లేదు.