పన్నెండు మెట్ల కిన్నెర

ఒక వెదురు బొంగు, ఎండబెట్టి లోపలి గుజ్జు తీసిన మూడు ఆనిగెపుకాయ బుర్రలు, కాస్త తేనె మైనం, తీగలు. పాలమూరు కిన్నెరకు కావలసినవి ఇవే. బొంగు మీద వరసగా మైనం ముద్దలు పెట్టి, వాటిమీద మెట్లు నిలబెడతారు. తీగను మెట్టు మీద అదిమి మీటితే స్వరం పలుకుతుంది, కింద వేలాడే బుర్రలు దాన్ని పెద్దది చేస్తాయి. వెనకటి రోజుల్లో అలుగు పొలుసులనే మెట్లుగా వాడేవారు. తీగల చోట గుర్రపు వెంట్రుకలు, నరాలు ఉండేవి, ఇప్పుడు లోహపు తీగలు వచ్చాయి. నెమలి ఈకలు, అద్దాలు, చివర చెక్కపిట్ట దీని అలంకారాలు. వీటిలో చాలావరకు బజారులో కొనుక్కొచ్చే సామాను కాదు. అమ్రాబాద్ అడవి, ఊరి పెరడు ఇచ్చినవాటితో, వాయించేవాడే తన కిన్నెరను తయారుచేసుకునేవాడు.

ఆ మైనం దగ్గర కాస్త ఆగాలి. మెట్టును మేకు కొట్టి బిగించరు. మైనంలో కుదురుగా నిలబెడతారు. స్వరం తేడాగా పలికితే మెట్టును కొద్దిగా జరిపి మళ్లీ నొక్కుతారు. బొబ్బిలి వీణ 24 మెట్లూ మసి కలిపిన మైనం మీదే నిలబడతాయి. కచేరీ వేదిక మీది వీణా, అచ్చంపేట సంతలో మోగిన కిన్నెరా ఇక్కడ చుట్టాలు. ఈ చుట్టరికాన్ని మన సంగీత సభలు ఇంకా గుర్తించవలసి ఉంది.

గ్రంథాల్లోకి వెళితే కిన్నెర వయసు తెలుస్తుంది. కిన్నరీ వీణను మొదట చేసినవాడు మతంగుడని ఐతిహ్యం. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో ఉన్న శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో దీన్ని వర్ణించాడు. ఎముక మెట్లు, మైనం, కాయ బుర్రలు అందులో ఉన్నాయి. ఆ వర్ణన చదివి పాలమూరు లింగాల మండలంలో మోగే కిన్నెరను చూస్తే, దాదాపు ఎనిమిది వందల ఏళ్ల దూరం ఉన్నట్టే అనిపించదు. అదే శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య కథ చెప్పాడు. కల్యాణ నగరంలో శివుడి ముందు కిన్నెర వాయించిన భక్తుడతడు.

ఆ తర్వాత దారి చీలింది. 17వ శతాబ్దంలో తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో వీణకు ఇప్పటి రూపం వచ్చిందంటారు. ఆస్థానాలు, అగ్రహారాలు దాన్ని పట్టుకున్నాయి. కిన్నెర మాత్రం డక్కలివారి చేతుల్లో మిగిలింది. మాదిగలను ఆశ్రయించి, వారికి జాంబపురాణం చెప్పి, వారిచ్చేదానితో బతికే కులం వారిది. అంటరానివారిగా వెలివేయబడినవారు కూడా ఎడంగా ఉంచిన కులం. ఊరి బయటి వాడకు కూడా బయట బతికినవాళ్లు, రాజులు వదిలేసిన వాద్యాన్ని ఇన్ని శతాబ్దాలు మోగిస్తూ వచ్చారు. ఈ నేల సంగీత చరిత్రలో ఇంతకంటే పెద్ద విషయం నాకు కనిపించదు.

పాత వాద్యం అన్నాం కదా అని పాత పాటల పెట్టె అనుకోకూడదు. కిన్నెర ఎప్పటికప్పుడు తన కాలాన్నే పాడింది. పురాణం ఒకవైపు సాగుతుండగానే, నిజాం కాలంలో పాలమూరు పల్లెల్లో ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచాడని జనం చెప్పుకున్న పండుగోళ్ల సాయన్న దాని మీదికి ఎక్కాడు. మియాసాబ్ అనే మరో మనిషి కథ ఎక్కింది. ఇవి దేవతల కథలు కావు. వినేవాళ్ల తాతలు కళ్లారా చూసిన మనుషుల కథలు. పత్రిక చేరని ఊళ్లకు కబురూ పాటా కలిసి కిన్నెర మీదే వచ్చాయి.

తన కాలాన్ని పాడే ఈ పని లోకంలో మరోచోట, మరో వాద్యం మీదా జరిగింది. పియానో కచేరీ అంటే పాత మహానుభావుల రచనలే అన్న అలవాటు నడుస్తుండగా, అమెరికాలో ఉర్సులా ఆపెన్స్ అనే పియానో కళాకారిణి తన కాలపు స్వరకర్తలను పట్టుకుని కొత్త రచనలు రాయించుకుంది. ఫ్రెడెరిక్ జెఫ్‌స్కీ అనే స్వరకర్త 1975లో ఆమె కోసం చిలీ ప్రజల ఉద్యమగీతం ఒకటి తీసుకుని, దానిమీద 36 రూపాంతరాలు అల్లాడు. ఆమెకు సభామందిరం ఉంది, వినడానికి వచ్చి కూర్చున్నవాళ్లున్నారు. కిన్నెరకు సంతా, రచ్చబండా. కానీ తన కాలపు జనం పాటను వాద్యం మీదికి ఎక్కించాలన్న పట్టుదల ఇద్దరిదీ ఒకటే.

మన కాలంలో ఆ పట్టుదల పేరు దర్శనం మొగిలయ్య. ఒకప్పటి మహబూబ్‌నగర్, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా, లింగాల మండలం అవుసలికుంట ఆయన ఊరు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా లేని రోజుల్లో దాన్ని వదలకుండా పట్టుకున్నాడు. జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు ఆయన్ను వెలుగులోకి తెచ్చారు. ‘భీమ్లా నాయక్’ సినిమా కోసం 2021 సెప్టెంబరులో వచ్చిన పాట మొదట్లో వినిపించే గొంతు ఆయనదే. ఆ సాకీని ఇంకోసారి శ్రద్ధగా వినండి. వీరుడు పుట్టిన తావు, తల్లి పేరు, తండ్రి పేరు, తాత ముత్తాతల పేర్లు వరసగా వస్తాయి. సాయన్న కథ ఎత్తుకునే తీరూ ఇదే. సినిమా కిన్నెరను అలంకారంగా వాడుకుందని కొందరన్నారు, నేనైతే ఒప్పుకోను. కిన్నెర తన పాత పద్ధతిలోనే ఒక కొత్త కథను ఎత్తుకుంది, కోట్లమంది విన్నారు.

2022లో మొగిలయ్యకు పద్మశ్రీ వచ్చింది. 2024లో అదే మనిషి హైదరాబాద్ శివార్లలో కట్టడం పనికి రోజుకూలీగా వెళుతూ కనిపించాడు. పురస్కారం ఒక్కరోజు గౌరవం. కిన్నెర బతకాలంటే దానికి నెలనెలా పని కావాలి: పాలమూరు, నల్లగొండ బడుల్లో నేర్పే కొలువు, కొత్త కథలు రాసి ఇచ్చే కవులు, కూలి కట్టి వాటిని పాడించే సభలు. అలుగు ఇప్పుడు వన్యప్రాణి చట్టం కింద రక్షిత జంతువు కాబట్టి మెట్లకు మరో వస్తువు చూసుకోవాలి, అది పెద్ద కష్టం కాదు. పన్నెండు మెట్ల మీద వేళ్లు నడిపించడం నేర్చుకునే పిల్లలు దొరకడమే కష్టం. ఆ చదువు తిండి పెడుతుందని వాళ్ల ఇళ్లలో నమ్మకం కలిగించే బాధ్యత ప్రభుత్వానిది, మనది.