‘రెడ్ అలర్ట్’ ఎక్కడిది?

2025 ఆగస్టు 27, వినాయక చవితి. మండపాల్లో వినాయకులను కూర్చోబెట్టే వేళకే కామారెడ్డి జిల్లాలో కుండపోత. రాజంపేట మండలం అర్గొండలో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. లింగంపేట మండలం లింగంపల్లి కుర్దు దగ్గర వంతెన దెబ్బతింది. నిజాం కాలంలో కట్టిన పోచారం జలాశయం నిలుస్తుందో లేదోనని కింది ఊళ్లు హడలిపోయాయి. టీవీల్లో అడుగున పరిగెత్తిన మాట: రెడ్ అలర్ట్.

ఇందులో ‘అలర్ట్’ పుట్టిల్లు ఇటలీ. ‘ఆల్ ఎర్తా’ అంటే ఎత్తుకెక్కు అని, బురుజెక్కి చూడమని కాపలావాడికి వేసే కేక. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ఎరుపును ప్రమాదానికి గుర్తుగా స్థిరపరచిన వాటిలో 19వ శతాబ్దపు బ్రిటిష్ రైల్వేలు ముఖ్యమైనవి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ విమాన దాడుల హెచ్చరికలకూ రంగులు పెట్టింది. పసుపు అధికారులకు గుట్టుగా అందేది, ఎరుపు వస్తే సైరన్ మోగేది. అంటే ఎవరు ఏ పనికి దిగాలో చెప్పే ఆఫీసు గుర్తన్నమాట.

మన వాతావరణ శాఖ రంగులదీ అదే తీరు. పసుపైతే కనిపెట్టి ఉండాలి, నారింజైతే సిద్ధం కావాలి, ఎరుపైతే రంగంలోకి దిగాలి. 24 గంటల్లో 204.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితే ‘అత్యంత భారీ వర్షం’. ఎరుపు చాలావరకు ఆ భయం ఉన్నప్పుడే. చిక్కేమిటంటే జిల్లాకంతటికీ ఒకటే రంగు. ఏ వాగు పొంగుతుందో, ఏ దారి తెగుతుందో అది చెప్పదు.

ఆ మాటకొస్తే భద్రాచలం లెక్కే నయం. గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అంకె వింటే చాలు, నీళ్లు ఎందాకా వస్తాయో అక్కడివాళ్లు పోల్చుకుంటారు.

ఇప్పుడు బంగారం ధర పెరిగినా రెడ్ అలర్టే, షేర్లు పడినా రెడ్ అలర్టే. ఉర్దూ నుంచి వచ్చిన ‘ఖతర్నాక్’ది ఇంకా విచిత్రం: ప్రమాదకరం అనే మాట కాస్తా సినిమా నచ్చితే ఇచ్చే మెప్పయింది. అరిగిపోని మాట తెలంగాణ ఇళ్లలో ఒకటుంది, ‘పైలం’, అంటే జాగ్రత్త. బడికి పోయే పిల్లకూ అదే, పొద్దుగూకినాక బండి తీసే కొడుకుకూ అదే. వానాకాలం వస్తే దానికి ముందు ఇంకో ముక్క చేరుతుంది: “వాగు దాటకు బిడ్డా, పైలం.”