పారవేయదగని కాగితము
1955 ఫిబ్రవరి 2న సోవియట్ దేశముతో ఒప్పందము కుదిరిన పిమ్మట భిలాయిలో ఉక్కు కర్మాగార నిర్మాణము ఆరంభమైనది. పనికై తరలివచ్చిన తెలుగు కుటుంబములు క్యాంప్ 1 వంటి బస్తీలలో కాపురముండినవి. వారి ట్రంకుపెట్టెలలో కాగితములు పేరుకొనినవి. వానిలో తీరిన అప్పుల చీటీలను, పాత బిల్లులను పారవేయుటలో దోషము లేదు. కాని కొన్నింటి విలువను నిర్ణయించునది ప్రభుత్వము అడుగు తేదీ. షెడ్యూల్డు కులముల ఉత్తర్వు 1950 ఆగస్టు 10న వెలువడినది. ఆ కులముల వారి ధ్రువపత్రమునకు ఆనాటి శాశ్వత నివాసమునే చూతురు. అప్పటికి భిలాయి కర్మాగారమే లేదు. కనుక కర్మాగారపు పత్రములెన్ని యున్నను, తాతనాటి భూమి దస్తావేజు, ఊరి బడి సర్టిఫికెట్టు వంటివే సాక్ష్యము పలుకగలవు. చివికినదని దానిని పారవేసిన యింట, మనుమలు తాము ఎవరివారో ఋజువు చేయలేక నిలువవలసి వచ్చును.