పురుడు ఎన్నాళ్లు? బాలింత విశ్రాంతి కాలగణన: ఒక చారిత్రక పరిశీలన

ప్రసవానంతరం స్త్రీ కోలుకోవడానికి ఎంత కాలం పడుతుందన్న ప్రశ్నకు వైద్యం, ఆచారం, చట్టం వేర్వేరు లెక్కలు చెప్పాయి. సుశ్రుతసంహిత శారీరస్థానం పదో అధ్యాయం ప్రకారం ఒకటిన్నర నెలలకు ఆహారవిహార నియమాలు సడలి, 'సూతిక' అన్న పేరు తొలగుతుంది. తిరిగి రుతుదర్శనమయ్యే వరకు ఆ పేరు నిలుస్తుందన్న మతాంతరమూ అక్కడే నమోదైంది. ఈ రెండో అభిప్రాయానికే ఎక్కువ విలువ ఇవ్వాలి. అది కోలుకోవడాన్ని రోజులతో కాక దేహంతో కొలిచింది. ధాతువులు క్షీణించిన ఆ దశలో వచ్చే వ్యాధి కష్టసాధ్యమో, అసాధ్యమో అవుతుందని చరకసంహిత హెచ్చరించింది.

తెలుగు ఇళ్లలో లెక్క వేరు. 'పురుడు' అన్న మాటకు ప్రసవమనీ, దానివల్ల కలిగే అశౌచమనీ రెండర్థాలున్నాయి. కాయం, పత్యం, నడికట్టు దేహం కోసం. విడిగా ఉంచడం మైల కోసం. పుట్టింటి పురుడు విశ్రాంతినిచ్చిన మాట నిజమే. కాని అది హక్కుగా కాక అంటు నెపంతో దక్కింది, ఏకాంతమూ దానితోపాటే వచ్చింది. రోజుకూలీ ఇంట ఆ మాత్రం విశ్రాంతికీ వీలుండేది కాదు.

కూలి చేసే తల్లి ప్రస్తావన 1919 అంతర్జాతీయ కార్మిక ఒడంబడికలో ఉంది. ప్రసవానంతరం ఆరు వారాలు పని చేయించరాదని అది నిర్దేశించింది. ఎన్.ఎం. జోషి 1924లో కేంద్ర శాసనసభలో పెట్టిన బిల్లు నెగ్గలేదు. 1929లో బొంబాయి, 1934లో మద్రాసు రాష్ట్రాలు చట్టాలు చేశాయి. మద్రాసు చట్టం నాటి ఆంధ్ర జిల్లాలకూ వర్తించింది, అయితే ఫ్యాక్టరీ స్త్రీలకే. నాట్లు వేసే తల్లి దాని పరిధిలో లేదు. 1961 కేంద్ర చట్టం ఆరు వారాల నిషేధాన్నే నిలిపింది. సుశ్రుతుని గడువు దీనికి దగ్గరగా ఉన్నంత మాత్రాన వారసత్వం ఊహించనక్కరలేదు. ఒకటి పథ్యానికి గడువు, మరొకటి యజమానికి విధించిన కట్టడి.

ఈ లెక్కలన్నీ దేహం చుట్టూ తిరిగినవే. ప్రసవానంతర మానసిక వ్యాధులపై లూయీ విక్టర్ మార్సే 1858లోనే ఫ్రెంచిలో గ్రంథం రాశాడు. తల్లి దిగులును పది ప్రశ్నలతో గుర్తించే ఎడిన్‌బరో కొలమానం మాత్రం 1987లో గాని రాలేదు. భారతదేశంలో 2017లో రెండు శాసనాలు వచ్చాయి. ఒకటి మొదటి ఇద్దరు బిడ్డల వరకు సెలవును 26 వారాలకు పెంచింది. మరొకటి, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, చికిత్సాలయంలో ఉన్న తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా వేరుచేయరాదన్నది. మొదటి దాని కింద సెలవు పొందాలంటే ప్రసవానికి ముందు పన్నెండు నెలల్లో ఒక యజమాని సంస్థలో 80 రోజులు పనిచేసి ఉండాల్సి వచ్చేది. ఊరూరా పొలాలు మారే కూలితల్లికి అటువంటి సంస్థే లేదు.